ఎర్ర సిరాతో రాసిన శనివారం

పొయ్యి మీద ఇడ్లీ గిన్నె బుసలు కొడుతోంది. రేడియోలో వార్తలు అయిపోయి పాటలు మొదలయ్యాయి. చిన్నారావు ఇంట్లో రోజూ ఆ వేళకి మొదలయ్యే వెతుకులాట మాత్రం ఇంకా అవలేదు.

"సంచీలోనే పెట్టాను నాన్నా," అంది విజ్జి మంచం కిందనుంచి.

"సంచీలో పెట్టింది సంచీలో ఉండాలి కదే! కాంపాసు పెట్టెకి కాళ్ళొచ్చాయా? నడుచుకుంటూ వెళ్ళిపోయిందా?" చిన్నారావు చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకుంటున్నాడు. "నిన్న లెక్కల పుస్తకం. మొన్న టిఫిను డబ్బా. రేపు నిన్ను నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోతావు."

"అరవకురా, పొద్దున్నే," అంది వంటింట్లోంచి అతని తల్లి రమణమ్మ. "ఇదిగో, బియ్యం డబ్బా మీదుంది. రాత్రి ఇక్కడ కూర్చునే కదా గుండ్రాలు గీసింది!"

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న కనకదుర్గకి ఈ మాటలు కొత్త కాదు. ఆవిడ విజ్జికి పెద్దమ్మ. చిన్నారావు భార్య అన్నపూర్ణకి సొంత అక్క. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు, యానాంలోనే పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది. గోదావరి అవతల ఎదుర్లంకలో టీచరు ఉద్యోగం. పొద్దున్నే రేవుకి వెళ్ళి ఏరు దాటించే పంటు ఎక్కే ముందు చెల్లెలి ఇంట్లో ఒకసారి తొంగి చూడడం అలవాటు. "ఇవాళ ఏముందక్కా?" అనేది అన్నపూర్ణ వంటింట్లోంచే. "ఏముంటుందే, మామూలే," అని కనకదుర్గ నిలబడే కాఫీ తాగి వెళ్ళిపోయేది. చెల్లెలు పోయింది. ఆ గుమ్మం ముందు ఆగే అలవాటు పోలేదు.

నిరుడు వరద వచ్చినప్పుడు, నీళ్ళు తీశాక, ఇల్లంతా బురద కడుక్కున్నాక, అన్నపూర్ణకి కామెర్లు వచ్చాయి. ముందుగదిలో గోడ మీద నీటి గీత ఇంకా అలాగే ఉంది. సున్నం వేయిద్దామని ఎవరూ అనలేదు.

"వచ్చారా వదినగారూ? మీ చెల్లెలి కూతురి సంగతి వినండి," అన్నాడు చిన్నారావు. రేవు దారిలో అతనికి వలలు, నైలాను తాళ్ళు అమ్మే కొట్టుంది. నిన్న కొట్లో నలుగురి ముందు జోసెఫిన్ టీచరు మనిషిని పంపించి కబురు చెప్పించిందట, మీ అమ్మాయి హోంవర్కు చెయ్యడం లేదు, చేసినా తేవడం లేదు అని. "నాకు తల కొట్టేసినట్టయింది. అందుకే చెప్పేస్తున్నాను. ఈ క్వార్టర్లీ పరీక్షలు అయ్యేలోగా ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే, దసరా తరవాత కాకినాడ హాస్టలే. అక్కడ గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. దారిలో పడుతుంది."

మంచం కింద కదలిక ఆగిపోయింది.

కనకదుర్గ గొంతు పెంచే మనిషి కాదు. బళ్ళో పిల్లలు ఆవిడ మౌనానికే భయపడతారు. ఆ పొద్దున మాత్రం చేతిలో గొడుగు కొంచెం గట్టిగానే నేలకి ఆనించింది.

"తల్లి పోయి ఏడాది తిరగలేదు చిన్నారావుగారూ. ఇప్పుడు ఇల్లు కూడా లాగేస్తారా దాని దగ్గర్నుంచి?"

"నేను లాగేస్తానా? నా కూతురి మీద నాకు లేదా బాధ? పొద్దున్న కొట్టు తియ్యాలా, దీని కాంపాసు వెతకాలా?"

"హాస్టల్లో జడెవరు వేస్తారురా దానికి?" అంది రమణమ్మ. "పేలు పట్టి చస్తుంది."

"నాకు వదిలెయ్యండి," అంది కనకదుర్గ. "తరగతి నిండా పిల్లల్ని దారిలో పెడుతున్నాను. మా ఇంటి పిల్లని పెట్టలేనా? పరీక్షలయ్యే దాకా ఆ హాస్టలు మాట ఎత్తకండి."

చిన్నారావు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నట్టు కాకుండా, చూద్దాం అన్నట్టు.

ఆ సాయంత్రమే ఆవిడ ఒక పొడుగాటి నోటుపుస్తకం తెచ్చి స్కేలు పెట్టి గీతలు గీసింది. పేజీకి ఒక వారం, రోజుకి ఒక గడి. గడిలో మూడు వరుసలు: ఏం తీసుకెళ్ళాలి, ఏం రాసి ఇవ్వాలి, ఏం చదవాలి. అట్ట మీద గుండ్రటి అక్షరాలతో 'పనుల పుస్తకం' అని రాసింది. తరవాత ఎర్ర సిరా పెన్ను తీసి, తన బడి సెలవుల కాగితం ముందు పెట్టుకుని, పండగలూ సెలవులూ వరసగా గడుల్లో నింపేసింది.

"పెన్సిలు నీది. ఎర్ర సిరా నాది," అని విజ్జికి చెప్పింది. "ఎర్ర సిరాతో రాసింది ముందే ఖాయమైపోయినది. దాని మీద నువ్వు చెయ్యి పెట్టకూడదు. మిగతా గడుల్లో బళ్ళో ఏం చెప్తే అది అప్పుడే రాసుకో. పడుకునే ముందు ఓసారి, లేచాక ఓసారి చూసుకో."

"మరి నాకు ఇంకేమైనా గుర్తొస్తే?"

"గుర్తు పెట్టుకోనక్కర్లేదు. అందుకే కదా పుస్తకం! నువ్వేం ఆలోచించకు. పుస్తకంలో ఏముంటే అది చెయ్యి. అంతే."

విజ్జి తల ఊపింది. పుస్తకానికి దారం కట్టి, ముందుగదిలో కేలండరు పక్కన మేకుకి తగిలించారు.

చిన్నారావు మొదట్లో వెటకారం చేశాడు. "ఇదేంటి, మా కొట్లో సరుకు చిట్టాలా ఉందే!" అన్నాడు. రమణమ్మకి మాత్రం తెగ నచ్చేసింది. "నా బీపీ మాత్రలు కూడా రాయవే ఇందులో. ఉసిరికాయలు తెప్పించాలి, అదీ రాయి. మంగళవారం సంతలో చింతపండు."

"అది పిల్ల పుస్తకం అత్తయ్యగారూ. ఇంటి చిట్టా కాదు," అంది కనకదుర్గ కటువుగా. రమణమ్మ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

పుస్తకం పని చేసింది. డ్రాయింగు ఉన్న రోజు డ్రాయింగు పుస్తకం సంచీలో ఉంటోంది. హోంవర్కు జోసెఫిన్ టీచరు బల్ల మీదికి చేరుతోంది. పొద్దుటి వెతుకులాట తగ్గింది, దాంతోపాటు ఇంట్లో మాటలు కూడా తగ్గాయి. విజ్జి లేచి, పుస్తకం చూసుకుని, సంచీ సర్దుకుని, రమణమ్మ బిగించి వేసిన ఒంటి జడతో వెళ్ళిపోయేది. కనకదుర్గ పంటు మీద నిలబడి ఆ సంగతి తలుచుకుని తృప్తి పడేది. చూశారా, అనుకునేది. పిల్లలో లోపం లేదు. పట్టించుకునే మనిషి లేకపోవడమే లోపం. ఆ కోపం మనసులో ఎప్పుడూ ఒక మూల కుంపటిలా ఉండేది. అది ఒక్క విజ్జి గురించి పుట్టిన కోపం కాదు.

క్వార్టర్లీ పరీక్షలు మొదలయ్యాయి. విజ్జి అన్నీ రాస్తోంది. కనకదుర్గ బడికి దసరా సెలవులు ఇచ్చేశారు. అమలాపురంలో అత్తవారి తరఫు శుభకార్యం ఒకటుంటే, శుక్రవారం సాయంత్రం బయల్దేరింది. చీరలు సంచీలో కుక్కుతుంటే విజ్జి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, రేపు..."

"రేపటి సంగతి పుస్తకంలో ఉంటుందిగా. చూసుకోలేదా?"

"చూశాను. అందులో ఏముందంటే..."

"చూశావు కదా! ఏముంటే అదే చెయ్యి తల్లీ. నాకు పంటు తప్పిపోతుంది." తాళం వేసి, పిల్ల బుగ్గ మీద చెయ్యి వేసి, గబగబా రేవు వైపు నడిచింది.

ఆదివారం పొద్దున్నే పంటు దిగి, చేతిలో కాజాల పొట్లంతో సరాసరి చెల్లెలి ఇంటికే వచ్చింది. దసరాకని ఇల్లు దులుపుతున్నారు. రమణమ్మ తలకి గుడ్డ చుట్టుకుని, బూజుకర్ర పట్టుకుని ముక్కాలిపీట పక్కన నిలబడింది. విజ్జి అటక మీది ఇత్తడి గిన్నెలు దింపి వరసగా పేర్చింది. చిన్నారావు ఆదివారం కాబట్టి తాపీగా పేపరు చదువుతున్నాడు. కనకదుర్గ కాజాలు అందరికీ పంచింది. రమణమ్మ "అమలాపురంలో ఎవరెవరొచ్చారేంటి?" అని మొదలెట్టేలోగా గుమ్మంలో నీడ పడింది.

జోసెఫిన్ టీచరు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్లచీర, చేతిలో ప్రార్థన పుస్తకం.

"నమస్కారమండి. దారే కదా అని వచ్చాను. విజయలక్ష్మికి ఒంట్లో ఎలా ఉంది?"

"బానే ఉందండి, రండి," అన్నాడు చిన్నారావు లేచి నిలబడి. "అదుగో, గిన్నెల దగ్గర. ఏం, ఎందుకలా అడుగుతున్నారు?"

జోసెఫిన్ టీచరు విజ్జి వైపు చూసి, చిన్నారావు వైపు చూసింది. "మరి నిన్న సాంఘికం పరీక్షకి రాలేదేమండి?"

రమణమ్మ చేతిలో బూజుకర్ర గోడకి ఆనుకుపోయింది.

"పరీక్షా?" అంది రమణమ్మ. "సెలవంది కదే! ఏమే, సెలవన్నావు కదే నాతో?"

విజ్జి చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"అడుగుతుంటే వినపడట్లేదా?" చిన్నారావు పేపరు విసిరేశాడు. "సెలవని చెప్పి ఇంట్లో కూర్చున్నావా? మరుపు అయిపోయింది, ఇప్పుడు అబద్ధాలు కూడానా? టీచరుగారూ, మీ ముందే చెప్తున్నాను. దీన్ని కాకినాడలో వేసేస్తున్నాను. ఎల్లుండి వెళ్ళి మాట్లాడొస్తాను. ఇంక నావల్ల కాదు."

"ఆగండి," అంది కనకదుర్గ. ఆవిడ కళ్ళు అటక మీద, దింపిన గిన్నెల మీద, విజ్జి మోచేతులకి అంటిన మసి మీద పడ్డాయి. ఇన్నాళ్ళూ మూలన ఉన్న కుంపటి ఒక్కసారి రాజుకుంది. రమణమ్మ వైపు తిరిగింది. "ఇల్లు దులిపించడానికి పిల్లని పరీక్ష మాన్పించారా అత్తయ్యగారూ?"

"నేనా? నేను మాన్పించానా?" రమణమ్మ బూజుకర్ర నేలకేసి కొట్టింది. "నా మనవరాలి చదువు నేను పాడు చేస్తానా? ఎంత మాటన్నావే తల్లీ! అది సెలవంటే సెలవేననుకున్నాను. నాకేం తెలుసు, చదువుకున్నదాన్నా?"

"తెలియకపోతే అడగాలి. పక్కింటి పిల్లలు బడికి వెళ్తుంటే చూడలేదా? పిల్ల ముఖం చూస్తే తెలియలేదా?" గొంతు పెరగలేదు. ఒక్కొక్క మాటా విడిగా, అచ్చు వేసినట్టు వచ్చింది. "ఈ ఇంట్లో ఎవరి ముఖం ఎవరు చూశారు కనక? అన్నపూర్ణ ఒంట్లో బాగోలేదు అని నోటితో చెప్పింది. ఒకసారి కాదు. కళ్ళు పచ్చబడ్డాయంటే పసరు పోయించారు. కడుపులో మెలి తిప్పుతోందంటే బురద కడిగిన అలసట అన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి అది మాట్లాడే స్థితిలో లేదు. చెప్పే మనిషి ఉంది. వినే మనిషే లేదు."

ఇన్ని నెలల్లో ఆ మాట ఆవిడ ఎవరి ముందూ అనలేదు. చిన్నారావు ముఖం పాలిపోయింది.

"వదినగారూ, ఆ మాట అనకండి," అన్నాడు. "నన్నేమన్నా అనండి. ఆ మాట వద్దు."

"ఎందుకు అనకూడదు? ఇవాళ దీన్నీ అలాగే చేస్తున్నారు. ఏం జరిగిందో కనుక్కోకుండానే అబద్ధాలకోరు అన్నారు, హాస్టలు అన్నారు." అక్కడితో ఆగలేదు, జోసెఫిన్ టీచరు వైపు తిరిగింది. "మీరు కూడా ఏమిటండీ? దసరా సెలవుల్లో పరీక్ష పెట్టే బడి ఎక్కడైనా ఉందా? శుక్రవారంతో మూసేశారు కదా!"

"ఎవరండీ మూసేసింది?" జోసెఫిన్ టీచరు ఆశ్చర్యంగా చూసింది. "మాకు సెలవులు రేపటి నుంచండి. నిన్న ఆఖరి పరీక్ష. శుక్రవారం మూసింది మీ అవతలి ఒడ్డు బళ్ళు. అవి ఆంధ్రా సెలవులు. మావి పాండిచ్చేరి వాళ్ళు ఇచ్చే సెలవులు కదండి. ఏటా కొంచెం అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. మీకు తెలియందేముంది టీచరుగారూ?"

తెలియంది కాదు. యానాంలో పుట్టి యానాంలో పెరిగిన మనిషి. గోదావరికి ఒక పక్క ఒక సెలవు, రెండో పక్క ఇంకో సెలవు. పొద్దున్న ఒక ప్రభుత్వం కింద నిద్రలేచి, పంటు దాటి ఇంకో ప్రభుత్వం కింద పాఠం చెప్పే ఉద్యోగం ఆవిడది. ఆ పుస్తకంలో గీతలు గీసిన సాయంత్రం ముందు పెట్టుకున్న కాగితం తన బడిది. విజ్జి బడిది కాదు.

కనకదుర్గ మేకుకి వేలాడుతున్న పుస్తకం వైపు చూసింది. తీసి చూడక్కర్లేదు. అందులో ఏముందో తెలుసు. తన చేతి రాతే.

నెమ్మదిగా గిన్నెల మధ్య నేల మీద కూర్చుంది. "విజ్జీ," అంది. "నాకు చెప్పు తల్లీ. పరీక్ష ఉందని నీకు తెలుసా?"

విజ్జి తల ఊపింది. "టైంటేబులు బోర్డు మీద రాశారు. అన్నీ రాసుకున్నాను. శనివారం గడిలో ముందే నువ్వు సెలవని రాసేశావు, ఎర్ర సిరాతో. దాని మీద చెయ్యి పెట్టకూడదన్నావు కదా."

"మరి నన్ను అడగకపోయావా?"

"అడగడానికే వచ్చాను. నువ్వు ఊరెళ్తున్నావు."

కనకదుర్గకి గుమ్మంలో నిలబడ్డ పిల్ల, తాళం చప్పుడు, తన చేతి కింద ఆ బుగ్గ, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

"నువ్వు టీచరువి కదా," అంటోంది విజ్జి. "మా టీచరుకి తెలియని సెలవేదో నీకు తెలుసేమో అనుకున్నాను. నిన్న పొద్దున్న మా క్లాసు సత్తిబాబు వాళ్ళు పరీక్ష అట్టలు పట్టుకుని వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. నాకు భయమేసింది. సంచీ కూడా తీశాను. కానీ నువ్వు ఆలోచించద్దన్నావు, పుస్తకంలో ఏముంటే అదే చెయ్యమన్నావు. అలా చేస్తేనే కదా నాన్న నన్ను ఇక్కడ ఉంచుతారు."

చిన్నారావు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇందాక నాన్న తిడుతుంటే ఎందుకు చెప్పలేదే మరి?" అంది రమణమ్మ. ఆవిడ గొంతులో అంతకు ముందున్న రోషం లేదు.

"చెబితే పెద్దమ్మని తిడతారు."

గోడ మీద నీటి గీత కిందే నాలుగు తలలూ వంగి ఉన్నాయి. జోసెఫిన్ టీచరు ప్రార్థన పుస్తకాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడింది.

కనకదుర్గ లేచింది. ముందు రమణమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యగారూ, మిమ్మల్ని అనకూడని మాట అన్నాను. మాన్పించింది మీరు కాదు, నేను." తరవాత చిన్నారావుతో అంది. "వినే మనిషి లేదన్నాను. పిల్ల నా గుమ్మంలోకి వచ్చి చెప్పబోతుంటే నేనూ వినలేదు. దాన్ని కాకినాడ పంపిస్తే నా తప్పుకి దాన్ని శిక్షించినట్టు."

చిన్నారావు ఇటు తిరగలేదు. "అన్నపూర్ణ విషయం మీరు ఇవాళ అన్నారు. నేను రోజూ అనుకుంటున్నాను వదినగారూ. అది చెప్పింది. నేను కొట్టు తాళాలు తీసుకుంటూ విన్నాను. అలా వినడం వినడం కాదు." అప్పుడు ఇటు తిరిగాడు. "కాకినాడ లేదు, ఏమీ లేదు. కానీ ఆ పుస్తకం మాత్రం తీసి అవతల పారెయ్యండి. నాకు చూడబుద్ధి కావట్లేదు."

"వద్దు నాన్నా," అంది విజ్జి చటుక్కున. "పుస్తకం బావుంది. నా వస్తువులు పోవట్లేదు. కాకపోతే..." అని ఆగింది.

"చెప్పు," అంది కనకదుర్గ. "ఈసారి నేనెక్కడికీ వెళ్ళట్లేదు."

"అమ్మ రాసేది కాదు. అడిగేది."

"ఏమని?"

"జడలు వేస్తూ. 'ఇవాళ ఏముందే?' అనేది. మొదటి జడ అయ్యేలోగా పొద్దుటి పీరియడ్లన్నీ చెప్పాలి, రెండో జడకి మధ్యాహ్నంవి. అన్నీ చెప్పేదాకా రిబ్బను కట్టేది కాదు. ఏదైనా మర్చిపోతే జుట్టు లాగేది, మెల్లిగా. అప్పుడు గుర్తొచ్చేది. నేనే చెప్పేదాన్ని, అమ్మ చెప్పేది కాదు. అమ్మకి తెలియదు కూడా, ఏ పీరియడు ఎప్పుడో."

రమణమ్మ తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది. "నేను వంటింట్లో ఉండేదాన్ని. ఇద్దరూ పొద్దున్నే ఏదో వాగుతున్నారే అనుకునేదాన్ని," అంది.

కనకదుర్గకి 'ఇవాళ ఏముందక్కా?' అనే గొంతు వంటింట్లోంచి వస్తున్నట్టే ఉంది. అది పలకరింపు అనుకుని, మామూలే అని జవాబిచ్చి వెళ్ళిపోయిన పొద్దుటి పూటలు ఎన్నో. అన్నపూర్ణ నిజంగానే అడిగేది కాబోలు.

"రేపు మేమంతా పేపర్లు దిద్దడానికి బడికి వస్తామండి," అంది జోసెఫిన్ టీచరు గుమ్మం దాకా నడిచి. "పెద్ద మాష్టారిని అడిగి చూస్తాను, వేరే ప్రశ్నలిచ్చి రాయించమని. ఆయన కోప్పడతారు. పెద్దవాళ్ళెవరైనా వెంట రావాలి."

"నేను వస్తాను," అంది కనకదుర్గ. "ఆయన ఏమన్నా నన్నే అనాలి. జరిగింది నేనే చెప్తాను."

సోమవారం పొద్దున ఆవిడ వచ్చేసరికి విజ్జి పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కొత్త నోటుపుస్తకం. గీతలు తనే గీసుకుంది. స్కేలు జారినట్టుంది, బుధవారం గడి మరీ ఇరుకైపోయింది, ఆదివారం మాత్రం విశాలంగా ఉంది. ఎక్కడా ఎర్ర సిరా లేదు.

రమణమ్మ కొబ్బరినూనె సీసా, దువ్వెన తెచ్చి కనకదుర్గ చేతిలో పెట్టింది. "నా వేళ్ళు పట్టు తప్పాయమ్మా. నువ్వు వెయ్యి. రెండు జడలు."

కనకదుర్గ ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆ జుట్టు ముట్టుకోలేదు. ఎందుకో ఇప్పుడు చేతికి తెలిసింది. అదే ఒత్తు, అదే నునుపు. చిన్నప్పుడు చెల్లెలికి వేసిన జడలే. నూనె రాసి పాపిడి తీసింది. మొదటి పాయ పట్టుకుంది.

"ఇవాళ ఏముందే?" అంది.

విజ్జి వీపు నిటారుగా అయింది. "పెద్ద మాష్టారి దగ్గరికి వెళ్ళాలి. జరిగింది చెప్పాలి. తరవాత సాంఘికం పరీక్ష."

"తీసుకెళ్ళాల్సినవి?"

"పెన్ను. ఇంకో పెన్ను. స్కేలు. భారతదేశం పటం గియ్యమంటారేమో, పెన్సిలు."

కనకదుర్గకి తెలుసు ఏది మిగిలిందో. నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. చేతిలోని పాయని మెల్లిగా లాగింది.

"అట్ట!" అని విజ్జి సగం జడతోనే లేచి పరిగెత్తింది.

"ఇదుగో, ఇక్కడుంది," అన్నాడు చిన్నారావు బయటినుంచి. చెప్పులు వేసుకుని, పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "కొట్టు ఇవాళ ఆలస్యంగా తీస్తాను. నేనూ వస్తున్నాను. పెద్ద మాష్టారు తిడితే ఇద్దరం పంచుకుంటాం వదినగారూ."

"తిట్లు పంచుకోవడానికి కూడా కొట్టు మూసే మగాడు మా వంశంలో వీడొక్కడే," అంది రమణమ్మ. చాలా రోజుల తరవాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

విజ్జి వచ్చి మళ్ళీ కూర్చుంది. రెండో జడ కూడా అయింది. రిబ్బను ముడి వేస్తుంటే పుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకుని, తల తిప్పకుండానే అడిగింది.

"పెద్దమ్మా, నీకు ఇవాళ ఏముంది?"

కనకదుర్గ చేతులు రిబ్బను మీదే ఆగిపోయాయి. మామూలే, అని చెప్పబోయింది. కళ్ళలోంచి నీళ్ళు వచ్చి పిల్ల పాపిడి మీద పడ్డాయి. చెల్లెలు పోయిన రోజు రానివి.

విజ్జి కదల్లేదు. జవాబు కోసం పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చుంది.

"నాకేం లేదే," అంది ఆవిడ చివరికి. "నాకు సెలవులు."

"అయితే బడి నుంచి వచ్చాక ఇక్కడే తిను," అంది విజ్జి. ఆ రోజు గడిలో సాంఘికం పరీక్ష పక్కనే 'పెద్దమ్మ' అని రాసింది. గడి ఇరుకయింది. గీత దాటి రాసింది.